బొట్టు పెట్టి పిలిచిన ఓటు

అమెరికా అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న ఒక పెద్దమనిషిని నేను ఒకసారి నిండా పులిహోరలో ముంచబోయాను. ఆయన ఒక్కడే అయితే, పెద్దవాళ్ళ కష్టం పెద్దవాళ్ళది అని మీరూ నేనూ ఊరుకునేవాళ్ళం. ఆయన కోసం కాళ్ళరిగేలా తిరిగిన డోరతీని, నన్ను, నా మాట విని చింతపండు నానబోసిన మా ఆయనను, అందరినీ ఒకే గుండిగలో వేసి కలిపేశాను. ఇది చదివాక మీరు నాతో స్నేహం మానుకోనక్కరలేదు. నేను భోజనానికి పిలిస్తే మాత్రం ఎందుకు పిలుస్తున్నానో రెండుసార్లు అడిగి మరీ రండి.

ఆ పెద్దమనిషి పేరు ఇక్కడ రాయను. పెళ్ళయిన నాటి నుంచి మా ఆయన పేరే నేను నోటితో పలికి ఎరగను. అలాంటిదాన్ని ఆ వసంతకాలమంతా ఒక పరాయి మగవాడి పేరు తలుపు తలుపూ తట్టి చెబుతూ తిరిగాను. ఇప్పుడు రాతలోనైనా ఇద్దరికీ ఒకే మర్యాద చేద్దామని.

అప్పటికి మేము అమెరికాలో ఈ మోరిస్‌విల్ వచ్చి చాలా ఏళ్ళయింది. మా ఆడపడుచు స్పాన్సర్ చేస్తే వచ్చాం. మా ఆయన ఇండియన్ స్టోర్‌లో బియ్యం బస్తాలు సర్దేవారు. నేను పక్కవాళ్ళ పిల్లలను చూసుకునేదాన్ని. నాకు తెలుగు అక్షరాలు వచ్చింది నలభై దాటాక, కందుకూరు దగ్గర మా ఊరి రాత్రి బడిలో. ఇంగ్లీషు అక్షరాలు వచ్చింది యాభై దాటాక, ఇక్కడి లైబ్రరీ క్లాసులో. కొత్తగా అక్షరాలొచ్చిన మనిషి కొత్తగా పళ్ళొచ్చిన పసిపిల్లతో సమానం. కనబడిన ప్రతిదాన్నీ కొరికి చూస్తుంది. షాంపూ సీసా, పాల డబ్బా, ముందు వెళ్ళే కారు వెనక అంటించిన కాగితం, ఏదీ వదిలేదాన్ని కాదు. ఆ క్లాసు పుణ్యమా అని సిటిజన్‌షిప్ పరీక్షలో వాళ్ళు చూపించిన వాక్యం గడగడా చదివేసి ఆ చలికాలమే సిటిజన్‌ని కూడా అయ్యాను.

వసంతం వచ్చేసరికి మా పేటలో రోడ్ల పక్కన గడ్డిలో ఎన్నికల అట్టలు మొలిచాయి. వానకు పుట్టగొడుగులు కూడా అంత వరసగా మొలవవు. ఒకదాని మీద ఆ పెద్దమనిషి పేరు. దాని కింద ఇంకో మాట. కూడబలుక్కుని చదివాను. చేంజ్.

మా పక్క అపార్ట్‌మెంట్‌లో మేరీ రత్నం ఉండేది. బాపట్ల అమ్మాయి. వారమంతా ఒక కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగం, ఆదివారం తెలుగు చర్చిలో పాటలు. నాకు కారు, డిక్షనరీ, చెల్లెలు, మూడూ ఆ పిల్లే. ఆ అట్ట చూసిన రోజు కారులో దాన్నే అడిగాను.

"ఏమే రత్నం, ఈయనెవరో చేంజ్ ఇస్తానంటున్నాడు. ఎవరికిస్తాడు, బస్సు కండక్టర్లకా?"

రత్నం కారు పక్కకు ఆపి, స్టీరింగ్ మీద తల పెట్టి చాలాసేపు నవ్వింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, "చిల్లర కాదక్కా. మార్పు. దేశాన్ని మారుస్తానంటున్నాడు" అంది.

నేనేం చేయను. మా ఊళ్ళో చేంజ్ లేదంటే బస్సు దిగిపోవాలి. చేంజ్ ఇస్తాననే మనిషికి ఓటెందుకు వేయకూడదని నేను న్యాయంగానే ఆలోచించాను.

రత్నం మిగిలిందంతా చెప్పింది. ఆసుపత్రి పేరు చెబితే వణికేవాళ్ళకు ఆ వణుకు లేకుండా చేస్తానంటున్నాడట. పెద్ద పెద్ద కంపెనీలు కాదు, మామూలు మనుషులే నన్ను నిలబెట్టాలి అంటున్నాడట. మే నెలలో ఒక మంగళవారం ఇక్కడ ప్రైమరీ అట. అంటే పెళ్ళికి ముందు నిశ్చితార్థం లాంటిది. అందులో సొంత పార్టీవాళ్ళ మీద గెలిస్తేనే అసలు ఎన్నిక పీటల మీదికి వెళతాడు. ఇంకో మాట కూడా చెప్పింది. ఇక్కడి బ్యాలెట్ మీద గుర్తులుండవట. హస్తమూ ఉండదు, సైకిలూ ఉండదు. పేరు చదివే వేయాలట.

ఆ మాటకు చెవులు రిక్కించాను. మా ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ గుర్తు చూసి ముద్ర గుద్దినదాన్నే గానీ, పేరు చదివి ఓటు వేయడమన్నది నా జన్మలో లేదు. ఈ ఓటు వేసి తీరాలి అనుకున్నాను. దానికంటే ముందు, మామూలు మనుషులు రావాలన్నాడు కదా, నా అంత మామూలు మనిషి ఆయనకు మళ్ళీ దొరకదనుకున్నాను.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకే" అన్నారు మా ఆయన.

కత్తిపీట విన్నదా? వినలేదు.

లాండ్రీకీ గోళ్ళరంగు కొట్టుకూ మధ్య ఒక చిన్న గది అద్దెకు తీసుకుని ఆ పెద్దమనిషి తరఫువాళ్ళు ఆఫీసు పెట్టారు. దానికి పెద్ద డోరతీ. నల్లజాతి ఆవిడ. నాకంటే పదేళ్ళు పెద్దది. జన్మంతా స్కూల్ బస్సు నడిపి రిటైరైంది. ఆవిడ లేచి నిలబడితే చాలు, ఎదుటివాళ్ళకు బుద్ధిగా సీట్లో కూర్చోవాలనిపిస్తుంది. మా పేట నుంచి ఎన్నికలప్పుడు ఎవరూ రారని, ఇక్కడివాళ్ళు తలుపులే తీయరని పై ఆఫీసువాళ్ళు ఆశ వదిలేసుకున్నారట. డోరతీ ఒక్కతే, తీయిస్తాను అని వాళ్ళకు మాటిచ్చింది. ఆ మాట ఎవరి చేతిలో పెట్టిందో ఆ తల్లికి తెలియదు.

మొదటివారం కవర్లు అంటించాను. రెండోవారం నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని ఇంటింటికీ వెళ్ళే పని నేర్పింది. ఆ శనివారం రత్నం చర్చి పిల్లలను పిక్నిక్‌కు తీసుకెళ్ళింది. కాబట్టి మా ఇద్దరికీ మధ్య ఉన్నది దేవుడు, నా ఇంగ్లీషు. ఆ రోజు ఇద్దరూ సెలవులో ఉన్నారు.

డోరతీ చెప్పినది నాకు అర్థమైనంత వరకు ఇది. తలుపు కొట్టు. నవ్వు. పెద్దమనిషి పేరు చెప్పు. మంగళవారం అని చెప్పు. చివర్లో ఈ ముక్క అడుగు: "కెన్ వీ కౌంట్ ఆన్ యూ?"

మిమ్మల్ని నమ్ముకోవచ్చా అని దానికి అర్థమట, అది నాకు తర్వాత తెలిసింది. కౌంట్ అంటే మాత్రం అప్పటికే తెలుసు. లెక్క. క్లాసులో ఒకటి నుంచి వంద దాకా కౌంట్ చేశాం. పిలుపులకు వెళ్ళినప్పుడు చివర్లో అడిగే లెక్క ఈ భూమ్మీద ఒక్కటే ఉంది. విస్తళ్ళ లెక్క. మీ ఇంట్లో ఎంతమంది వస్తారు, ఎన్ని ఆకులు వేయమంటారు.

దేవుడి దయవల్ల అక్కడితో ఆగినా బాగుండేది. డోరతీ నా చెయ్యి పట్టుకుని, మీ ఇల్లు ఓటేసే స్కూలుకు ఎదురుగానే ఉంది కదా అంది. ఓట్ల రోజు సాయంత్రం "అవర్ పీపుల్" కాసేపు మీ ఇంట్లో కూర్చోవచ్చా అని అడిగింది. తినడానికి ఏదైనా కొంచెం ఉంటే చాలంది.

అవర్ పీపుల్. మనవాళ్ళు.

ఆవిడ లెక్కలో మనవాళ్ళంటే పొద్దుటినుంచి తిరిగి అలసిపోయే ఐదారుగురు వాలంటీర్లు. నా లెక్కలో మనవాళ్ళంటే వీధి వీధంతా. అసలు మా ఊళ్ళో ఓటంటే ముందు ట్రాక్టరు, తర్వాత బిర్యానీ పొట్లం, ఆ తర్వాతే గుర్తు. ఈ దేశం గొప్పది కదా, పొట్లాలు పంచకుండా ఇంటికే పిలిచి కూర్చోబెట్టి పెడతారు కాబోలు అనుకున్నాను. అర్థమైందా అని డోరతీ అడిగింది. నేను తల ఊపాను. మన తల ఊపుడు ఎలా ఉంటుందో మీకు తెలుసు. అందులో అవునూ ఉంటుంది, కాదూ ఉంటుంది, చూద్దామూ ఉంటుంది. ఆవిడ అవును ఏరుకుంది.

సాయంత్రం రత్నంతో చెప్పాను. మంగళవారం మా ఇంట్లో భోజనాలు, డోరతీ అడిగింది అని.

"ఎంతమంది అక్కా?" అంది.

"ఎంతమందేమిటే, మనవాళ్ళే."

"ఓ, మనవాళ్ళేనా. అయితే సరే" అంది రత్నం. తెలుగులో అడిగినా ఇంగ్లీషులో అడిగినా ఆ మాట నా కొంప ముంచడానికే పుట్టింది.

మర్నాటి నుంచి పిలుపులు మొదలుపెట్టాను. ఒకరి గుమ్మంలోకి వెళ్ళి వట్టి చేతులతో రండి అనడం మా ఇళ్ళలో లేదు. కుంకుమ భరిణె పట్టుకున్నాను. పట్టుచీర కట్టుకుంటే ఆర్భాటంగా ఉంటుందని గద్వాల చీరతో సరిపెట్టాను. కాళ్ళకు మాత్రం మా ఆయన స్పోర్ట్స్ బూట్లు.

మొదటి తలుపు తీసింది ఒక తెల్లమ్మాయి. చంకలో చిన్న కుక్క. నేను నవ్వాను, పేరు చెప్పాను, మంగళవారమన్నాను, భరిణె తీశాను. ఆ పిల్ల ఏమనుకుందో ఏమో, నుదురు ముందుకు వంచింది. బొట్టు పెట్టాను. అద్దంలో చూసుకుని మురిసిపోయి కుక్కకు కూడా పెట్టమంది. పెట్టాను. ఇంటిల్లిపాదినీ పిలవాలన్నప్పుడు కుక్కను వదిలేస్తే అదేం పిలుపు?

"కౌంట్ యూ. హౌ మెనీ?" అన్నాను.

"టూ" అంది. మొగుణ్ణి కలిపిందో కుక్కను కలిపిందో నేను గుచ్చి అడగలేదు. "ఫైవ్ ఓ క్లాక్. మై హౌస్. ఈట్. దెన్ టుగెదర్ ఓటు" అని మా ఇల్లు వేలితో చూపించాను. తప్పకుండా వస్తామంది.

ఇలా ఒక్కో ఇల్లు. పిలిచిన ప్రతి మనిషికీ ఒక శనగగింజ కొంగున కట్టుకున్నాను. ఇరవై విస్తళ్ళు దాటితే నాకు తలలో లెక్క నిలవదు. శనగలు ఎప్పుడూ తప్పవు.

చివరి ఇంట్లో వాల్టర్ అనే ముసలాయన ఉండేవాడు. భార్య పోయింది, ఒంటరి మనిషి. తలుపు అరచేతి వెడల్పు తీసి, అభ్యర్థి పేరు వినగానే మూతి ముడిచి, నేను మీవాడికి వేయను, అవతలి మనిషికి వేస్తాను అన్నాడు.

"ఓకే. కమ్. ఈట్" అన్నాను.

"వినబడలేదా, మీవాడికి నా ఓటు లేదంటున్నాను."

"ఓకే. నో ఓటు. ఈట్. వన్?"

ఆయన నన్ను, నా బూట్లను, నా భరిణెను మార్చి మార్చి చూశాడు. చివరికి తలుపు ఇంకొంచెం తెరిచి, "వన్" అన్నాడు. ఒక్క శనగ కట్టుకుని వచ్చాను.

మా పై అంతస్తులో ఎం.ఎస్. చదివే పిల్లలు నలుగురుండేవాళ్ళు. అందులో సందీప్‌ది వరంగల్. పిలిస్తే మెట్ల మీద నుంచే అరిచాడు. "మాకు ఓటు లేదాంటీ, ఎఫ్-వన్ వీసా మీద ఉన్నం. ఆకలైతే మస్తుగుంది."

నాలుగు శనగలు.

ఆ తర్వాతి ఆదివారం ఆఫీసుకు వెళితే డోరతీ, మీ వీధిలో ఎంతమందిని కౌంట్ చేయవచ్చు అని అడిగింది. నేను కొంగు విప్పి టేబుల్ మీద కుమ్మరించాను. శనగలు ఘలఘలమని పడి సగం టేబుల్ ఆక్రమించాయి. డోరతీ నోటి మీద చెయ్యి వేసుకుంది. ఒక్కో గింజా ఒక్కో మనిషేనా అని రెండుసార్లు అడిగింది. మనిషే అన్నాను. కుక్క సంగతి చెప్పడానికి నాకు ఇంగ్లీషు చాలలేదు. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుని నన్ను గట్టిగా కావలించుకుంది. వెంటనే పై ఆఫీసుకు ఫోన్ చేసి, ఆ వీధి మొత్తం మనదే, పూచీ నాది అని చెప్పింది. ఆ శనగల్లో సగం చంటిపిల్లలు, చూడటానికి వచ్చిన అమ్మమ్మలు, వీసా మీద ఉన్న పిల్లలు అన్న ముక్క ఆవిడకూ తెలియదు. అది తెలియాల్సిన విషయమని నాకూ తెలియదు.

మంగళవారం తెల్లవారకముందే పొయ్యి వెలిగించాను. పులిహోర, గారెలు, సేమ్యా పాయసం, పెరుగన్నం. స్టోర్ యజమాని ఇచ్చిన పెద్ద గుండిగ మా పొయ్యి మీద కూర్చుంటే పొయ్యి కనబడటం మానేసింది. మా ఆయన సెలవు పెట్టి పప్పు రుబ్బుతూ, "పార్లమెంటుకు నిలబడ్డవాడు కూడా ఇన్ని గారెలు వేయించడే" అన్నారు. ఈయన పార్లమెంటుకు కాదు కదా, మరి ప్రెసిడెంటు గారెలు వేరుగా ఉండాలి కదా అన్నాను.

ఇక్కడ మిమ్మల్ని రోడ్డుకు అవతలి వైపు తీసుకెళ్ళాలి. స్కూలు బయట, పొద్దుటినుంచి ఎండలో, డోరతీ నిలబడి ఉంది. అన్ని వీధులవాళ్ళూ వస్తున్నారు, వేస్తున్నారు, పోతున్నారు. మా వీధి నుంచి మాత్రం పురుగు కూడా రాలేదు. మధ్యాహ్నం దాటింది. పై ఆఫీసు నుంచి ఫోన్ మీద ఫోన్. పూచీ నాది అన్న వీధి ఎక్కడ అని. నేను అంత మర్యాదగా, అందరం కలిసి వెళదాం అని పిలిచేసరికి, నేను లేకుండా ముందే వెళ్ళి వేసేస్తే బాగుండదని మా వీధివాళ్ళంతా బుద్ధిగా సాయంత్రం కోసం ఆగిపోయారు.

ఐదయింది. జనం రావడం మొదలైంది. పిలవని పేరంటానికి వెళ్ళకూడదంటారు గానీ, ఈ దేశంలో పిలిచిన పేరంటానికి గిన్నెతో వస్తారని అప్పుడే తెలిసింది. ఒకరు కేకు, ఒకరు చిప్స్, ఒకరు సలాడ్. కుక్క బొట్టుతో సహా వచ్చింది. గుమ్మం ముందు చెప్పుల గుట్ట లేచింది. సందీప్, వాడి స్నేహితులు గరిటెలు పట్టారు. వాల్టర్ మూలన కుర్చీలో కూర్చుని గారె కొరికి, ఇది డోనటే కదా, తీపి ఎందుకు మరిచిపోయారు అని అడిగి, ఇంకోటి తీసుకున్నాడు. వచ్చినవాళ్ళు తింటున్నారు, కబుర్లు చెప్పుకుంటున్నారు. ఎదురెదురు తలుపుల్లో ఉన్నవాళ్ళు ఆ రోజే మొదటిసారి పేర్లు అడిగి తెలుసుకున్నారు. లేవడం లేదు. నేనూ లేపలేదు. విస్తరి ముందు నుంచి మనిషిని లేపితే మహాపాపం.

అప్పుడు గుమ్మంలో డోరతీ కనబడింది.

ఆవిడ చూపు చెప్పుల మీద పడింది, గుండిగ మీద పడింది, వీధి వీధంతా పేపర్ ప్లేట్లతో కూర్చుని ఉండటం మీద పడింది. రత్నం అప్పుడే ఆఫీసు నుంచి వచ్చి, ఆవిడ వెనకాల నిలబడిపోయింది.

"అక్కా, వీళ్ళంతా ఎవరు?" అంది రత్నం.

"మనవాళ్ళు."

"మనవాళ్ళంటే వాలంటీర్లు కదా."

"మనవాళ్ళంటే మనవాళ్ళే. అందరూ ఓటుకు వచ్చారు. తిన్నాక వెళతారు."

రత్నం అది ఇంగ్లీషులో చెప్పింది. డోరతీ మెల్లగా చెప్పుల గుట్ట పక్కనే మెట్టు మీద కూర్చుండిపోయింది. బస్సు నడిపే మనిషి అలా కూర్చోవడం నేను మొదటిసారి చూశాను. చాలా తక్కువ గొంతుతో రత్నానికి ఏదో చెప్పింది. రత్నం మొహంలో రంగు పోయింది.

"అక్కా, ఇక్కడ ఓటుకి ఫుడ్ ఆఫర్ చేయకూడదంట. నేరమంట. ఎవరైనా కంప్లెయింట్ చేస్తే అందరికీ ట్రబుల్ అంటోంది. వేరేవాళ్ళకి తెలిస్తే, ఓట్లు కొన్నామంటారంట. డోరతీ మీదికే వస్తుందంట."

నా చేతిలో గరిటె చల్లబడిపోయింది. ఓట్లు కొనడమా? మా ఊళ్ళో ఓట్లు కొన్నవాళ్ళను నేనెరుగుదును. వాళ్ళ మొహాలు నాకు గుర్తున్నాయి. నేను చేసిందీ అదేనా? నన్ను నమ్మి వీధి వీధంతా నా చేతిలో పెట్టిన మనిషి మెట్టు మీద అలా కూర్చుని ఉంది. చుట్టూ అంతమంది ఉండగా కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

"రత్నం, చెప్పవే ఆవిడకు. ఓటు వేస్తేనే పెడతానని నేను ఎవరితో అన్నాను? మా ఇంటి గడప తొక్కినవాళ్ళకు పెడతాం. ఎవరికి వేస్తారని అడిగి పెడతామా?"

రత్నం ఆ మాట ఆవిడకు చెబుతుండగానే మూల నుంచి వాల్టర్ ప్లేటు పట్టుకుని లేచి వచ్చాడు. డోరతీ ముందు నిలబడి అన్న మాట రత్నం తర్వాత తెలుగులో చెప్పింది. "ఈవిడ పిలవడానికి వచ్చినప్పుడే చెప్పాను, మీవాడికి నా ఓటు లేదని. అయినా రమ్మంది. ఇది రెండో ప్లేటు. ఓట్లు కొనేవాళ్ళెవరైనా ఇంత చెత్త బేరం చేస్తారా?"

డోరతీ తలెత్తి ఆయనను చూసింది. తర్వాత గరిటె పట్టుకుని, చదువుకుంటున్నాం, ఓటు లేదు అంటున్న సందీప్‌నూ చూసింది. ఓటు లేని అమ్మమ్మలను చూసింది. కుక్కను చూసింది. ఆవిడ భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. లేచి, నా చెయ్యి పట్టుకుని, ఇప్పుడు నాతో అన్నది అందరికీ అరిచి చెప్పు, ప్రతి ఒక్కరికీ వినబడాలి అంది.

నన్ను స్టూలెక్కించారు. నా మొదటి రాజకీయ ఉపన్యాసం అదే. చేతిలో గరిటె.

"యూ ఓటు, ఈట్" అన్నాను. ప్లేట్లు కింద పెట్టి విన్నారు. "యూ నో ఓటు, ఈట్." చప్పట్లు కొట్టారు. "యూ ఓటు అదర్ మ్యాన్..." అని వాల్టర్ వైపు చూసి ఆగాను. అబద్ధం ఆడటం నాకు చేతకాదు. "ఈట్ లిటిల్."

డోరతీ మొహం చేతుల్లో దాచుకుంది. "ఫుల్ ఈట్, అక్కా, ఫుల్ ఈట్ అను" అని రత్నం కింద నుంచి చీర లాగింది. "ఓకే, ఫుల్" అన్నాను. వాల్టర్ ప్లేటు పైకెత్తి చూపించాడు.

ఆ తర్వాత డోరతీ చప్పట్లు చరిచింది. ఓటున్నవాళ్ళు ఎవరికి కావాలంటే వాళ్ళకు వేసుకోండి, స్కూలు తలుపులు మూసే వేళవుతోంది, పదండి అంది. వీధి వీధంతా లేచింది. రోడ్డు మీద సాయంత్రం ట్రాఫిక్ ఆగకుండా పోతోంది. డోరతీ నడిరోడ్డు మీదికి నడిచి, బస్సు పక్కన విచ్చుకునే ఎర్ర బోర్డులా చెయ్యి చాపి నిలబడింది. రెండు వైపులా కార్లు కిక్కురుమనకుండా ఆగిపోయాయి. ఆవిడ చెయ్యి కింది నుంచి మా వీధి అంతా, నుదుట బొట్లతో, పిల్లలను చంకనేసుకుని, రోడ్డు దాటి వెళ్ళింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను వంటింట గెలిచి రచ్చ గెలిచాననుకుంటూ గుమ్మంలో నిలబడి చూశాను.

నిలబడి చూశాను అన్నాను, గమనించారా? వెళ్ళాను అనలేదు.

ఆలస్యంగా వచ్చేవాళ్ళున్నారు, గారెలు వేగుతున్నాయి, పాయసం అడుగంటుతోంది. వెళ్ళినవాళ్ళు తిరిగి వస్తున్నారు, మళ్ళీ కూర్చుంటున్నారు. వాల్టర్ కూడా తిరిగొచ్చి మూల కుర్చీలో చేరి, పాయసం తెమ్మన్నాడు. తెచ్చి ఇచ్చాను. తాగి, మూతి తుడుచుకుని, తాపీగా అడిగాడు.

"నువ్వు వేశావా?"

గరిటె చేతిలో నుంచి జారి పాయసంలో పడింది. ఇన్నేళ్ళు అక్షరాల వెంట పరుగెత్తింది, చలికాలమంతా ఇంగ్లీషు వాక్యాలు బట్టీ పట్టింది, ఈ ఒక్క పేరు చదివి ఈ ఒక్క ఓటు వేయడానికి. ఊరందరినీ పంపించి నేను గారెల దగ్గర కూర్చున్నాను.

"ఇంకేం ఓటు, టైం అయిపోయింది" అన్నారు మా ఆయన గోడ గడియారం చూసి.

వాల్టర్ అప్పటికే కారు తాళాలు తీశాడు. "పద" అన్నాడు. "నీ తిండి తిని మీవాడికి వ్యతిరేకంగా వేసి వచ్చాను. నువ్వు వేయకపోతే రాత్రి నాకు అరగదు. కనీసం నా ఓటు రద్దు చేయడానికైనా రా."

రోడ్డుకు అవతల ఉన్న స్కూలుకు కారులో వెళ్ళాం. ఆయన మోకాళ్ళు, నా మోకాళ్ళు పరుగెత్తేవి కావు. లోపలి మనిషి తలుపు మీద చెయ్యి వేసి ఉండగా దూరాను. కాగితం చేతికిచ్చారు. గుర్తులు లేవు. అన్నీ పేర్లే, చీమలబారుల్లా. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదువుకుంటూ దిగాను. మొదటి పేరు కాదు. రెండోది కాదు. తర్వాతది చదువుతుంటే నోరు దానంతటదే పలికింది. గడ్డిలో మొలిచిన పేరు. గుండ్రం నింపాను. బయటికి గీత పోకుండా, ముగ్గులో చుక్కంత శ్రద్ధగా.

కాగితం ఇచ్చేటప్పుడు చూసుకున్నాను. ప్రతి పేరు పక్కనా, నా వేలు ఆగిన చోటల్లా, పచ్చగా పులిహోర పసుపు. నేను ఓటు వేసిన పేరు దగ్గర అన్నిటికంటే చిక్కగా. చదువుకున్నదాన్నని నిరూపించుకోవడానికి వెళ్ళి, చదివి, ఓటు వేసి, చివరికి వేలిముద్ర కూడా వేసి వచ్చాను. యంత్రం ఒక్క క్షణం ఆలోచించి మింగేసింది. దానికీ ఆకలిగా ఉందేమో.

తలుపు దగ్గర కూర్చున్న పెద్దావిడ నవ్వి, నా చేతికి గుండ్రంగా ఒకటి ఇచ్చింది. "స్టిక్కర్" అంది. ఇంగ్లీషులో ఆ రోజంతా నాకు సందేహం లేకుండా అర్థమైన మాట అదొక్కటే. స్టిక్కరంటే ఏమిటో మన ఆడవాళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేదు. పొద్దుటినుంచి పొయ్యి దగ్గర చెమటకు నా బొట్టు ఎప్పుడో కరిగిపోయింది. ఊరందరికీ నేను బొట్టు పెట్టి పిలిస్తే, వెళ్ళేటప్పుడు ఈ సర్కారు నాకు బొట్టిచ్చి పంపుతోంది, ఎంత మర్యాద తెలిసిన దేశం అనుకున్నాను. కాగితం ఊడదీసి, సరిగ్గా నుదుటి మధ్యన అంటించుకున్నాను.

బయట డోరతీ, రత్నం, వీధి జనమంతా నిలబడి ఉన్నారు. అందరి కళ్ళూ నా నుదుటి మీదికే వెళ్ళాయి.

"అక్కా" అంది రత్నం, నవ్వు బిగపట్టుకుని. "అది చొక్కాకి పెట్టుకునేది. 'నేను ఓటు వేశాను' అని రాసుంది దాని మీద."

చదవగలిగినదాన్నే. తొందరలో చదవలేదు. అన్నీ చదివే రోజున అదొక్కటే చదవకుండా అంటించుకున్నాను. పీకేద్దామని చెయ్యెత్తాను.

డోరతీ నా చెయ్యి పట్టుకుని ఆపింది. తన జాకెట్ మీద పొద్దుటినుంచి ఉన్న స్టిక్కరు ఊడదీసి, నుదుటి మీద అంటించుకుంది. ఆవిడ వెనకే ఆ కుక్కపిల్ల అమ్మాయి, వాళ్ళాయన. బొట్టంటే ఆమడ దూరం పోయే మా మేరీ రత్నం కూడా, "ఇది బొట్టు కాదు, గవర్నమెంట్ స్టిక్కరు" అని తన మనసుకు చెప్పుకుని అంటించుకుంది. వాల్టర్ ఒక్కడు ఆలోచించాడు. చివరికి తనదీ నుదుటికెక్కింది. అందరం అలాగే రోడ్డు దాటి వచ్చి మిగిలిన పాయసం తాగాం.

ఆ పెద్దమనిషి మా రాష్ట్రంలో గెలిచాడు. అందులో నా చేతి చలవ ఎంతో, నా గారెల వల్ల ఎన్ని పోయాయో ఎవరూ లెక్క కట్టలేదు. డోరతీ శనగలు మాత్రం దాచుకుంది. పై ఆఫీసువాళ్ళు, పూచీ అన్న వీధి చివరికి ఎలా కదిలింది అని అడిగితే, అది తిన్నాక కదిలే వీధి అని చెప్పిందట.

కాబట్టి నా నుదుటి స్టిక్కరు సాక్షిగా, చల్లారిన గుండిగ మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరైనా "మిమ్మల్ని లెక్కలో వేసుకోవచ్చా" అంటే ఎన్ని విస్తళ్ళని అడగను. "మనవాళ్ళు" అన్న మాటకు అర్థం కాగితం మీద రాయించుకోకుండా పప్పు నానబోయను. ఓట్లనాడు నా వంటింట్లో అగ్గిపుల్ల గీయను.

ఈ ప్రమాణానికి డోరతీని సాక్షిగా నిలబడమని అడిగాను. నవంబరులో అసలు ఎన్నిక ఉందని, అది అయ్యేదాకా ఇలాంటి తొందరపాటు మాటలు అనవద్దని చెప్పి, ఆ రోజు గారెలకు తన పేర ఎన్ని శనగలు కట్టుకున్నావని వాల్టర్ అడుగుతున్నాడంది.